రాత్రి ఆట సామాను పగలెక్కడ?

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్ల కబుర్లలో డిస్నీ పార్కు తప్పకుండా ఉంటుంది. చెరువులోంచి నీళ్లు తాడిచెట్లను మించి లేచాయనీ, ఆ నీళ్ల మీదే సినిమా బొమ్మలు ఆడాయనీ, పాటకు తగ్గట్టు రంగులు మారాయనీ, మధ్యలో భగ్గుమని మంటలు వచ్చాయనీ చేతులు తిప్పుతూ చెబుతారు. వింటున్నంతసేపూ నాకు ఒకటే సందేహం. అన్ని గొట్టాలూ, అన్ని దీపాలూ, అన్ని మోటార్లూ పగలంతా ఎక్కడ పెడతారండీ?

నవ్వకండి. పెళ్లికి వెళ్లినా మన చూపు మంటపం మీద కాసేపు నిలిచి, ఆ తర్వాత గాడిపొయ్యి వైపే పోతుంది. ఇన్ని గుండిగలు ఎవరు తోముతారు, తోమినవి ఎక్కడ బోర్లిస్తారు అని. ఇల్లు సర్దుకునే మనిషికి అలాంటి సందేహాలే వస్తాయి. చూసొచ్చినవాళ్లను అడిగాను, చదివాను. ఈ వారం ఇంకేదో రాద్దామనుకుని కూర్చున్నదాన్ని, భీమవరం నుంచి వచ్చిన ఒక ఉత్తరం చూశాక ఇదే రాస్తున్నాను. ఉత్తరం సంగతి తర్వాత చెబుతాను. ముందు చెరువు సంగతి.

కాలిఫోర్నియాలో, ఆనహైమ్ ఊళ్లో 'డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్' అని ఒక పార్కు ఉంది. అందులో ఒక కొలను. 2010 జూన్‌లో అక్కడ 'వరల్డ్ ఆఫ్ కలర్' అనే రాత్రి ప్రదర్శన మొదలైంది. సుమారు 1,200 ఫౌంటెన్లు. కొన్ని 200 అడుగుల ఎత్తు దాకా చిమ్ముతాయి. నీళ్లను పలచగా విసనకర్రలా చిమ్మించి 380 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తున తెర కడతారు. దాని మీద బొమ్మ పడుతుంది. మన తోలుబొమ్మలాటలో పంచె తెరకు దీపం వేసినట్టే, ఇక్కడ పంచెకు బదులు నీళ్లు. ఇంతా కలిపి ఏడున్నర కోట్ల డాలర్లు అయిందని అప్పట్లో పత్రికలు రాశాయి.

పగలు వెళ్లి చూస్తే ఒడ్డున జనం ఐస్‌క్రీములు తింటూ తిరుగుతుంటారు. కొలను మామూలు కొలనులానే ఉంటుంది. ఫౌంటెన్లన్నీ బిగించిన ఇనుప వేదిక నీళ్ల అడుగుకు దిగిపోయి ఉంటుంది. చీకటిపడి ఆట వేళయ్యేసరికి అదే పైకి తేలుతుంది. అది ఒక ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుంది, చిన్నదేం కాదు. దాన్ని బిగించడానికి ముందు కొలనులో నీళ్లన్నీ తోడేశారు.

మన ఇళ్లలో ఇలాంటిది లేదా? ఉంది. పాతకాలం కుట్టు మిషన్ గుర్తు తెచ్చుకోండి. పని అయ్యాక మిషన్ తలకాయను కిందికి వంచితే బల్ల లోపలికి దిగిపోయేది. పైన చెక్క మూత వేస్తే అచ్చం చిన్న బల్ల. దాని మీద పూలకూజా పెట్టుకున్న ఇళ్లు ఎన్ని లేవు! ఆ మిషన్ చేసినవాడు అమ్మకానికి పెట్టిన రోజే ఆలోచించాడు, ఇది కుట్టని వేళ ఎలా ఉండాలని. నాకు నచ్చేది ఆ ముందుచూపు.

అయితే ముంచి దాచడంలో ఒక చిక్కుంది. కంటికి కనపడనిదానికి జబ్బు చేసినా కనపడదు. నీళ్లలో నానే దీపానికి రబ్బరు సీలు కాస్త వదులైతే చాలు, లోపలికి చెమ్మ పోతుంది. ఫౌంటెన్ మూతి చిల్లులు సన్నం. నీళ్లలో సున్నం ఉంటే పెచ్చు కట్టి పూడుకుపోతాయి. బోరు నీళ్ల ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా, షవరు చిల్లులు నెలకోసారి పిన్నీసుతో పొడుస్తూనే ఉంటాం. అందుకే అక్కడ రోజూ మనుషులు కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే నీళ్లలోకి దిగి బాగు చెయ్యాలి. అంత చేసినా 2018లో యంత్రాలు మొరాయించి ఆ ప్రదర్శన నెలల తరబడి ఆగిపోయింది. 2019లో గానీ మళ్లీ మొదలు కాలేదు. మనం అటక మీద పారేసి మరిచిపోయిన పాత మిక్సీని పండక్కి దింపితే ఏమవుతుందో మీకు తెలుసు.

రెండో పద్ధతి మోసుకెళ్లిపోవడం. ఫ్లోరిడాలో ఎప్‌కాట్ అనే పార్కు ఉంది. సుమారు 40 ఎకరాల పెద్ద చెరువు, చుట్టూ మెక్సికో, జపాను, ఇటలీ అంటూ 11 దేశాల పేరిట కట్టిన మేడలు, అంగళ్లు. అక్కడ 1999 నుంచి 2019 దాకా ఇరవయ్యేళ్లు ఒకే ప్రదర్శన నడిచింది. చెరువు మధ్యకు 28 అడుగుల అడ్డుకొలత ఉన్న భూగోళం తేలుతూ వచ్చేది. దాని మీద ఖండాలన్నీ దీపాలతో బొమ్మలై వెలిగేవి. ఆట లేనప్పుడు ఆ గోళమున్న పడవను, బాణసంచా పడవలను జనం కంటపడని వెనక రేవులో కట్టేసి ఉంచేవారు. మళ్లీ వేళకి తెచ్చేవారు. ఇరవయ్యేళ్లూ అదే పని.

ఇందులో యంత్రం ఖర్చు తక్కువ, మనిషి ఖర్చు ఎక్కువ. పొద్దున్నే పరుపులు చుట్టి, మడత మంచం గోడకి చేర్చి, రాత్రికి మళ్లీ పరిచే ఇళ్లలో ఈ ఖర్చు ఎవరు భరిస్తారో వేరే చెప్పక్కర్లేదు. అక్కడైతే దానికి జీతం ఇస్తారు.

మూడోది వేషం వేసి నిలబెట్టడం. నాకు అన్నిటికంటే ఇది నచ్చింది. సింగపూర్‌లో సెంటోసా దీవి ఉంది కదా, మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు. అక్కడ సిలోసో బీచి దగ్గర 2007 నుంచి 2014 దాకా 'సాంగ్స్ ఆఫ్ ద సీ' అని రాత్రి ప్రదర్శన ఉండేది. వాళ్లకి చెరువు లేదు, ఎదురుగా సముద్రమే. సముద్రంలో దేన్ని ముంచుతారు, ఎక్కడికి మోస్తారు? అందుకని నీళ్లలో గుంజలు పాతి, వాటి మీద సుమారు 120 మీటర్ల పొడుగున మలయ్ బెస్తవాళ్ల పల్లెలాంటి ఇళ్ల వరస కట్టారు. చెక్క గోడలు, వాలు కప్పులు. ఆ ఇళ్లలో కాపరం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఉన్నవి పంపులు, దీపాలు, ప్రొజెక్టర్లు. పగలు ఒడ్డున ఆడుకునే పిల్లలకి అది ఒక అందమైన పల్లె. రాత్రికి అందులోంచే నీళ్లూ నిప్పులూ లేచేవి. అదే చోట 2014లో 'వింగ్స్ ఆఫ్ టైమ్' అనే మరో ప్రదర్శన వచ్చింది, ఆ పల్లె పోయింది.

బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ కిటుకు చిన్నప్పుడే తెలుసు. కొలువు మెట్లంటే ఏమిటి? ట్రంకు పెట్టె, దాని మీద సూట్‌కేసు, పక్కన స్టూలు, ఎత్తు చాలకపోతే రెండు పాత పుస్తకాల కట్టలు. పైన తెల్ల పంచె పరిస్తే మెట్లు. తొమ్మిది రోజులూ ఇంట్లో అడ్డమైన సామానంతా ఆ మెట్ల కిందే, ఎవరికీ అడ్డం కాదు. సురభి నాటకాలవాళ్లు తరాలుగా పెట్టెల్లో ఊరూరా మోసుకు తిరిగిందీ ఈ విద్యనే. తాళ్లూ కప్పీలూ తెర వెనకే ఉండేవి, మనకి కనపడేది గాల్లో ఎగిరే నారదుడు.

డిస్నీవాళ్లు ఇందులో ఇంకో చిన్న మెలిక పెట్టారు. పార్కుల్లో జనం చూపు పడకూడని పెట్టెలకూ, తలుపులకూ, కంచెలకూ ఒక మసక ఆకుపచ్చ వేస్తారు. చెట్ల మధ్య, గోడల మధ్య కన్ను దానిమీద నిలవదు. ఆ రంగును 'గో అవే గ్రీన్' అంటారు, అంటే కంటికి ఆనకుండా పొమ్మనే పచ్చ అన్నమాట. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. గోడ లేత పసుపు, దాని మీద నీళ్ల పైపు నీలం, మీటరు పెట్టె ముదురు బూడిద, ఆ పెట్టె చుట్టూ మళ్లీ మెరుపు కాగితం అంచు! కనపడకూడదనుకున్నదానికి బొట్టు పెట్టి కూర్చోబెడతాం. ఈసారి రంగులు వేయించినప్పుడు మిగిలిన డబ్బాలోంచే పైపుకీ, పెట్టెకీ రెండు పూతలు వెయ్యమనండి. విడిగా ఖర్చేం ఉండదు.

డిస్నీలాండ్‌లో 1992 మేలో మొదలైన 'ఫాంటాస్మిక్' అనే ప్రదర్శనలో మరో తెలివి ఉంది. అక్కడ తవ్విన నదిలో పగలు జనాన్ని ఎక్కించుకుని ఒక ఆవిరి పడవ, ఒక తెరచాప ఓడ తిరుగుతుంటాయి. రాత్రి అవే నాటకంలో పాత్రలు. తెరచాప ఓడ మీద దొంగల కత్తియుద్ధం జరుగుతుంది. ఇక దాచాల్సిన పనేముంది? రెండు పూటలా పనికొచ్చే వస్తువుకి దాపరికం అక్కర్లేదు. మన దివాన్ మంచం అలాంటిదే, పైన మనుషులు, లోపల దుప్పట్లు.

ఆ ప్రదర్శనలోనే 45 అడుగుల యంత్ర డ్రాగన్ ఒకటి వేదిక అడుగు నుంచి లేచి నిప్పు కక్కేది. 2023 ఏప్రిల్ 22 రాత్రి అదే అంటుకుని ఆటమధ్యలో తగలబడిపోయింది. జనాన్ని దూరం జరిపారు, ప్రేక్షకులకు దెబ్బలు తగల్లేదు. ఏడాది పైన ఆపి, 2024 మేలో డ్రాగన్ లేకుండా ఆట మళ్లీ మొదలుపెట్టారు. దాచి ఉంచినందువల్ల అంటుకుందని నేననడం లేదు. కానీ అది చదివినప్పుడు నాకు మన కొత్త వంటిళ్లు గుర్తొచ్చాయి. గ్యాస్ సిలిండరు కనపడితే నామోషీ అని చుట్టూ చెక్క అలమర కట్టించి, బిగుతుగా తలుపు వేస్తున్నారు. గ్యాసు గాలికంటే బరువు. కారితే కిందికి దిగి అలమర అడుగున పేరుకుంటుంది, వాసన బయటికి రాదు. తీరా మనం తలుపు తీసేసరికి పక్కన పొయ్యి వెలుగుతూ ఉంటుంది. సిలిండరును దాచుకోండి, వద్దనను. తలుపుకి కిందా పైనా గాలి ఆడే జాలీ పెట్టించండి. రెగ్యులేటరు చెయ్యి పెట్టగానే అందాలి. వడ్రంగి "అందం పోతుందండీ" అంటాడు. అననివ్వండి.

ఇక నాలుగోది దాచకుండా వదిలెయ్యడం. ఇందాక చెప్పిన ఎప్‌కాట్ చెరువులోనే ఇదీ జరిగింది. భూగోళం ఆట ముగిశాక, 2021 అక్టోబరు 1న, అంటే ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తెరిచి సరిగ్గా 50 ఏళ్లయిన రోజున, 'హార్మోనియస్' అనే కొత్త ప్రదర్శన పెట్టారు. చెరువులో అయిదు భారీ పడవలు. నడుమ ఆరంతస్తుల మేడంత పెద్ద వలయం, దాని చుట్టూ నాలుగు పడవల మీద పెద్ద పెద్ద టీవీ తెరలు, కదిలే ఇనుప చేతులు. రాత్రి చూస్తే కన్నులపండగే. అయితే వీటిని ముంచే వీలు లేదు, రోజూ రేవుకి లాక్కెళ్లే ఏర్పాటూ లేదు. పగలంతా చెరువులోనే. ఒడ్డున నిలబడి అవతలి జపాను గోపురమో ఇటలీ గంటస్తంభమో చూద్దామంటే అడ్డంగా నల్లటి ఇనుము. నడుమ వలయంలోంచి పగలు కూడా నీళ్లు చిమ్మించి కాస్త సర్దుబాటు చేశారు. అయినా ఏళ్ల తరబడి ఆ పార్కుకి వస్తున్న అభిమానులు ఊరుకోలేదు. వెక్కిరింపు పేర్లు పెట్టారు. పక్క పడవల్ని 'టాకోలు' అన్నారు. టాకో అంటే మెక్సికోవాళ్లు కూర పెట్టి మడిచే రొట్టె. 2023 ఏప్రిల్ 2తో ఆ ఆట ముగిసింది, ఏడాదిన్నర నడిచిందంతే. పడవల్ని తీసేశారు. చెరువు మళ్లీ చెరువైంది. ఆ ఏడాది డిసెంబరులో మరో ప్రదర్శన వచ్చింది.

లెక్క వేసి చూడండి. ఆట ఇరవై నిమిషాలు. పార్కు తెరిచి ఉండేది ఏ పన్నెండు గంటలో అనుకుందాం. ఇరవై నిమిషాల ముచ్చట కోసం పదకొండు గంటల నలభై నిమిషాలు కళ్లకి అడ్డం. టిక్కెట్టు కొనుక్కుని పగలు మాత్రమే చూసి, చంటిపిల్లలతో పొద్దుపోకముందే వెళ్లిపోయేవాళ్లకి దక్కేది ఆ అడ్డమే. ఏదైనా పెద్ద వస్తువు కొనేటప్పుడు నేను ఇప్పుడు ఈ లెక్కే వేస్తున్నాను. అది పనిచేసే వేళ ఎంత, ఊరికే నిలబడి ఉండే వేళ ఎంత అని. వాకింగ్ మిషన్ అని ఒకటి వస్తోంది కదా, రోజుకి పావుగంట నడిచి మిగతా రోజంతా తువ్వాళ్లు ఆరేస్తారు. కొట్లో అమ్మేవాడు దాన్ని నడిపించి చూపిస్తాడు. మనం అడగాల్సింది, ఆపేశాక ఎలా ఉంటుందో చూపించమని. మడిస్తే ఎంత చోటు పడుతుంది, మడవడానికి ఒక్క మనిషి చాలునా, చక్రాలున్నాయా. 2023లో మన హుస్సేన్‌సాగర్‌లో కూడా తేలే మ్యూజికల్ ఫౌంటెన్ పెట్టారు. అటు వెళ్లినవాళ్లు దీపాల వేళ ఒకసారి, పగటి వేళ ఒకసారి చూసి రండి. సామాను సంగతి కంటితో చూస్తే తెలిసినట్టు చదివితే తెలియదు.

ఇప్పుడు భీమవరం ఉత్తరం. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రెండు గదుల ఇల్లు, ముందు హాలు. హాల్లో కిటికీ పక్కన ఆవిడ కుట్టు మిషన్. జాకెట్లు, లంగాలు కుడతారు. పిల్లవాడి స్కూలు ఫీజు ఆ మిషన్ మీదే వెళ్తోంది. ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు. ఎవరైనా వస్తున్నారంటే అత్తగారు "ఇల్లు దర్జీ కొట్టులా ఉంది, ముందు ఆ మిషన్ తియ్యి" అంటారట. ఆవిడ, వాళ్ల చిన్నవాడు కలిసి దాన్ని పెరటి వసారాలోకి ఈడుస్తారు. రెండేళ్లలో ఎన్నిసార్లో లెక్కలేదట. మొన్న వానాకాలంలో జల్లు కొట్టి తుప్పు పట్టింది, బెల్టు తెగింది, బాగు చేయించేసరికి పది రోజులు పట్టి పండగ జాకెట్లు చేజారాయి. "అక్కయ్యగారూ, మిషన్ను కనపడకుండా ఎలా దాచాలో చెప్పండి" అని అడిగారు.

చెల్లీ, ఈడ్చడం మాత్రం ఇవాళే మానెయ్యండి. పోత ఇనుము కాళ్ల మిషన్ గడప మీంచి ఈడుస్తుంటే కాళ్ల నట్లు వదులవుతాయి, సూది వరస తప్పుతుంది, మీ నడుము సంగతి సరేసరి. రోజూ రేవుకి లాక్కెళ్లే పద్ధతి జీతానికి మనుషులున్నచోట చెల్లుతుంది.

మీ అత్తగారి మాట నేను తీసిపారెయ్యను. ఉన్నది ఒక్క హాలు, వచ్చేది పెళ్లివారు, ఆవిడ బెంగ ఆవిడది. కానీ ఒకసారి గుమ్మంలో నిలబడి, కొత్తగా వచ్చినవాళ్లలా హాలు చూడండి. దర్జీ కొట్టులా కనపడేది మిషన్ వల్లనా? నేను చూసిన ఇళ్లలో చాలా మటుకు మేకులకి వేళ్లాడే కుట్టిన జాకెట్లు, కుర్చీ మీద కత్తిరించని గుడ్డల మూటలు, నేలమీద పీలికలు, దారప్పోగులు. కొట్టు కళ తెచ్చేవి అవి. వాటికి దారి చూపితే మిషన్ దానంతటది ఇంటి సామానవుతుంది.

కిటికీ పక్కన తలుపున్న చిన్న అలమర గానీ, మూతున్న ట్రంకు గానీ పెట్టుకోండి. కుట్టాల్సినవి ఒక సంచి, కుట్టినవి ఒక సంచి, రెండూ అందులోకి. పీలికలకి మూత డబ్బా. మిషన్ పైకి వడ్రంగితో తేలిక చెక్కతో, కింద తెరిచి ఉండే పెట్టెలాంటి మూత చేయించండి, ఎత్తి పక్కన పెట్టేలా. మీ మిషన్ తల లోపలికి మడిచే రకమైతే అదీ అక్కర్లేదు, బల్ల పలక చాలు. మూత మీద నుంచి తొక్కుడు బల్ల దాకా దిగే గుడ్డ కుట్టండి, హాలు కర్టెన్ల గుడ్డే అయితే మరీ మంచిది. గోడ రంగుకి దగ్గరగా ఉంటే కన్ను దాని మీద నిలవదు. ప్లాస్టిక్ షీటు మాత్రం కప్పవద్దు, చెమ్మ పట్టి మళ్లీ తుప్పు. గుడ్డ నేలకి రెండంగుళాలు పైకి ఆపండి, గాలి ఆడుతుంది, చీపురు కూడా దూరుతుంది.

మీ ఆయనతో, అత్తగారితో ఒక మాట మాత్రం అనాలి. మీరు అనలేకపోతే ఈ పేజీ చూపించండి. రేపు పెళ్లి కుదిరితే ఆడపడుచు జాకెట్లు ఈ మిషన్ మీదే కుట్టాలి కదా. అప్పుడు ఎలాగూ అది హాల్లోనే ఉంటుంది, వియ్యాలవారు వచ్చినా సరే.

తుప్పు సంగతి అడగలేదు గానీ చెబుతాను. కిరసనాయిలు దొరికితే గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మిషన్ నూనె చిల్లు చిల్లుకీ రెండేసి చుక్కలు వెయ్యండి. ఆ పూట ఎవరి జాకెట్టూ ఎక్కించకండి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి, నూనె మరకలు రావడం ఆగాక మొదలుపెట్టండి. కొత్త బెల్టు వారం రోజుల్లో కాస్త సాగుతుంది, మళ్లీ ఒక అంగుళం కత్తిరించి బిగించాలి.